కథ కంచికి వెళ్ళాక ఆమె ఎక్కడికి?

‘కథ కంచికి, మనం ఇంటికి’ అని చెప్పి పిల్లల గదిలో దీపం ఆర్పేస్తాం. కంచికి వెళ్ళిన కథలోని రాజకుమార్తె ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళింది, ఆ ఇంట్లో ఏం చేస్తోంది అన్నది మనం చెప్పం. పిల్లలు అడిగితే ‘ఇంక పడుకో’ అంటాం. వాల్ట్ డిస్నీ కంపెనీ ఈ పనే దశాబ్దాల పాటు రంగుల్లో, సంగీతంతో చేసింది. 1937లో స్నోవైట్, 1950లో సిండరెల్లా, 1959లో స్లీపింగ్ బ్యూటీ, 1989లో లిటిల్ మెర్మెయిడ్. రాజకుమారుడు వస్తాడు, ముద్దో పెళ్ళో అవుతుంది, సినిమా అయిపోతుంది. 1994లో అదే కంపెనీ, స్త్రీల మీద ప్రేమతో కాదు, డబ్బు మీద ప్రేమతో, ముగిసిపోయిన కథల్ని ఒక్కొక్కటే మళ్ళీ తెరవడం మొదలుపెట్టింది. ఈ సినిమాల అభిమానులకు అప్పుడు కోపం వచ్చింది. అది ఇప్పటికీ చల్లారలేదు. నా గొడవ ఆ కోపంతోనే.

పిల్లల బొమ్మల సినిమాల గురించి మనకెందుకు అని ఈ పత్రిక చదివే మిత్రులు కొందరు అనుకోవచ్చు. ఆ మాట మనం అనకూడదు. పాఠ్యపుస్తకంలో ‘అమ్మ వంట చేస్తుంది, నాన్న ఆఫీసుకు వెళ్తాడు’ అన్న ఒక్క వాక్యం మీద మనం ఎన్ని వ్యాసాలు రాశాం! ఆ వాక్యాన్ని పిల్ల ఏడాదిలో నాలుగుసార్లు చదువుతుందేమో. ఈ సినిమాలనైతే అదే పిల్ల అన్నం తింటూ, జ్వరంతో పడుకుని, వేసవి సెలవుల్లో లెక్కలేనన్నిసార్లు చూస్తుంది. మాటలన్నీ కంఠతా వస్తాయి. ఆ పిల్లే పెద్దయి, అభిమాని అయి, ఏ సీక్వెల్ మంచిది, ఏది చెత్త అని తీర్పు చెబుతుంది. ఆ తీర్పులో ఆమె పిల్లప్పుడు నేర్చుకున్న పాఠం వినిపిస్తుంది.

ఒక విషయంలో అభిమానులు చెప్పేది నిజం. 1994లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ జాఫర్’ నుంచి 2008లో వచ్చిన ‘ఏరియల్స్ బిగినింగ్’ దాకా ఆ కంపెనీ తీసిన సీక్వెళ్ళలో ఎక్కువభాగం థియేటర్లకు పోకుండా నేరుగా వీడియో క్యాసెట్లుగా, డీవీడీలుగా దుకాణాలకు వెళ్ళినవే. తక్కువ డబ్బుతో, తక్కువ టైములో చేయించినవి. బొమ్మల్లో కదలిక బిగుసుగా ఉంటుంది, నేపథ్యంలో రంగులు చప్పగా ఉంటాయి, పాటలు రెండో రోజుకి గుర్తుండవు. ఇదంతా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. దీని గురించి అభిమానులు ఎన్ని తిట్లు తిట్టినా నాకు అభ్యంతరం లేదు.

కానీ వాళ్ళు అక్కడ ఆగరు. ‘కథ అయిపోయింది కదా, ఇంకెందుకు?’ అంటారు. ‘ఆ అమ్మాయి అలాంటిది కాదు, పాత్రను పాడుచేశారు’ అంటారు. ‘అసలు అది లెక్కలోకే రాదు’ అంటారు. బొమ్మ సరిగ్గా కదలకపోవడానికీ ఈ మూడు మాటలకూ సంబంధం ఏమిటి? కథ అయిపోయింది అని ఎవరు చెప్పారు? పెళ్ళితో అయిపోయేది ఎవరి కథ?

ఏరియల్ సంగతి చూద్దాం. 1989 సినిమాలో పదహారేళ్ళ సాగరకన్య. తండ్రి ట్రైటన్ వద్దన్నా వినదు. ఒక మనిషి కోసం గొంతు ఇచ్చేసి కాళ్ళు తెచ్చుకుంటుంది. (పెళ్ళి కోసం గొంతు వదులుకోవడం గురించి స్త్రీవాదులు రాయాల్సినంతా రాశారు, నేను మళ్ళీ రాయను.) 2000లో సీక్వెల్ వచ్చింది. అందులో ఏరియల్‌కు మెలొడీ అనే కూతురు. పసిపిల్లకు సముద్రం వైపు నుంచి ప్రమాదం వస్తుంది. ఏరియల్ భయపడుతుంది. కోట చుట్టూ గోడ కట్టిస్తుంది. సముద్రం వైపు వెళ్ళకూడదని కూతురికి ఆంక్ష పెడుతుంది. తను ఎక్కడ పుట్టిందో, ఎవరి కూతురో పన్నెండేళ్ళ పిల్లకు చెప్పదు. ఆ పిల్ల గోడ కింద నుంచి దూరి దొంగతనంగా ఈతకు పోతుంది.

అభిమానులకు దీని మీద ఉన్నంత కోపం ఆ సినిమాలో ఇంకదేనిమీదా లేదు. స్వేచ్ఛ కోసం తండ్రిని ఎదిరించిన ఏరియల్ తన తండ్రిలాగే ఎలా తయారవుతుంది? ఇది పాత్రకు ద్రోహం కాదా? ఈ ప్రశ్న వేసేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం. వాళ్ళెవరూ తమ ఇళ్ళలో అమ్మల్ని చూడలేదా? ఇంట్లో చెప్పకుండా ప్రేమించి పెళ్ళి చేసుకున్న స్త్రీ తన కూతురి ఫోను తెరిచి చూడటం మనకు తెలియదా? చదువు కోసం నిరాహారదీక్ష చేసిన ఆవిడే కూతుర్ని దూరపు ఊరి హాస్టల్‌కు పంపనని భీష్మించుకోవడం తెలియదా? తాను దాటిన గోడనే తన చేత్తో కట్టడం తల్లితనం అనే వ్యవస్థ ఆమె చేత చేయించే పని. ప్రమాదం లేదని కాదు, ఉంది. ఆ ప్రమాదాన్ని తగ్గించే పని లోకానిది. కూతుర్ని కట్టేసే పని మాత్రం తల్లికి అప్పజెప్పారు. చవకబారుగా తీసిన ఆ వీడియో సినిమాలో, తీసినవాళ్ళకు తెలిసో తెలియకో, ఈ నిజం బయటపడింది. 1989 నాటి మెరుగైన సినిమాలో ఇంత నిజం లేదు.

అభిమానుల కోపానికి మూలం అదే అని నా అనుమానం. వాళ్ళకు కావలసింది పదహారేళ్ళ ఏరియల్. ముప్ఫై దగ్గర పడుతున్న, భయపడే, అబద్ధం చెప్పే, కూతురి ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చే ఏరియల్ వద్దు. చివరికి ఆ గోడను పగలగొట్టేది కూడా కూతురే. తాతగారి త్రిశూలం చేతికి తీసుకుని పగలగొడుతుంది. దీని గురించి మాట్లాడే అభిమానులు నాకు ఎక్కువమంది కనిపించలేదు.

‘మూలాన్ 2’లో ఇంకో సంగతి ఉంది. మూలాన్‌కు పెళ్ళి కుదరగానే ఆమె వంశానికి కాపలాగా ఉన్న చిన్న డ్రాగన్ ముషూ తన ఉద్యోగం పోతుందని తెలుసుకుని పెళ్ళి చెడగొట్టాలని చూస్తాడు. ఎందుకు పోతుంది? పెళ్ళయ్యాక ఆమెకు భర్తవైపు పూర్వీకులే పూర్వీకులు. పుట్టింటి వాళ్ళు లెక్కలోంచి పోతారు. గోత్రం మారడం, ఇంటిపేరు మారడం గురించి మనం గంభీరంగా మాట్లాడుకునేదంతా అక్కడ ఒక హాస్యపాత్ర ఉద్యోగ సమస్యగా మారిపోయింది. అభిమానులు ముషూని తిట్టారు, మొదటి భాగంలో మంచివాడిగా ఉన్నవాణ్ణి చెడ్డవాణ్ణి చేశారని. చైనాను కాపాడిన స్త్రీ పెళ్ళితో తన పూర్వీకుల్ని ఎందుకు పోగొట్టుకోవాలి అన్న ప్రశ్న సినిమాలోనే ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఇక పోకహాంటస్. ఇక్కడ నాకు కోపం ఆపుకోవడం కష్టం. 1995 సినిమాలో ఆమె జాన్ స్మిత్ అనే ఆంగ్లేయుణ్ణి ప్రేమిస్తుంది. 1998లో వచ్చిన రెండో భాగంలో ఇంగ్లండు వెళ్ళి జాన్ రాల్ఫ్ అనే మరో ఆంగ్లేయుణ్ణి ఎంచుకుంటుంది. అభిమానుల ఆక్రోశం అంతా ఇంతా కాదు. స్మిత్ కోసమే పుట్టినది రాల్ఫ్‌తో ఎలా వెళ్తుంది? మొదటి సినిమా పవిత్రత ఏమైంది? స్మిత్ వైపు కొందరు, రాల్ఫ్ వైపు కొందరు, ఏళ్ళ తరబడి వాదులాట.

చరిత్ర ఇది. 1607లో స్మిత్ వర్జీనియాకు వచ్చేనాటికి ఆమెకు పది పదకొండేళ్ళు. ప్రేమకథకు అసలు తావే లేదు. 1613లో ఆంగ్లేయులు ఆమెను మోసంతో ఓడ ఎక్కించి బందీగా పట్టుకున్నారు. బందీగా ఉండగానే క్రైస్తవ మతం ఇచ్చి రెబెకా అని పేరు మార్చారు. 1614లో రాల్ఫ్‌తో పెళ్ళయింది. 1616లో కంపెనీ తన వలసకు పెట్టుబడులు రాబట్టుకోవడానికి ఆమెను, ఆమె కొడుకును ఇంగ్లండు తీసుకువెళ్ళి ప్రదర్శించింది. 1617 మార్చిలో తిరుగు ప్రయాణం మొదలైన కొద్దిసేపటికే జబ్బు చేసి గ్రేవ్సెండ్ అనే ఊళ్ళో చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై, ఇరవై ఒకటి. అక్కడే పూడ్చిపెట్టారు. సొంత నేల మళ్ళీ చూడలేదు.

సినిమా రెండో భాగం చివర్లో ఆమె ఓడ మీద, సాయంత్రపు వెలుగులో, రాల్ఫ్‌ను ముద్దు పెట్టుకుని సొంత ఊరికి ప్రయాణమవుతుంది!

బందీ అయి, పేరు పోగొట్టుకుని, పరాయి దేశంలో చనిపోయిన ఒక ఆదివాసీ యువతిని తిరిగి ఇంటికి చేర్చినట్టు చూపించారే, ఇది అభిమానులకు అబద్ధంగా అనిపించలేదు. మగవాణ్ణి మార్చింది అన్నదే తప్పుగా అనిపించింది. ఆ విమర్శలు చదువుతుంటే, ఈ వాదన నాకు కొత్తది కాదు అనిపించింది. ‘మొదటివాడితోనే’ అన్న మాట మన పురాణాల్లో, మన సీరియళ్ళలో, మన పెద్దమనుషుల పంచాయితీల్లో ఎంతగా విన్నాం! ఆ మాటను ఇంగ్లీషులో, కళాభిరుచి పేరుతో విన్నంత మాత్రాన అది వేరే మాట అయిపోదు.

మరి ‘కథ అయిపోయింది, ఇంకెందుకు’ అన్న సూత్రాన్ని అందరికీ సమానంగా పాటిస్తారా అంటే, లేదు. ‘ష్రెక్’ కూడా పెళ్ళితోనే అయిపోయింది, 2001లో. 2004లో వచ్చిన రెండో భాగంలో హనీమూన్ నుంచి వచ్చిన ష్రెక్ అత్తారింటికి వెళ్తాడు. మామగారికి నచ్చడు. అల్లుడి అవస్థ చూసి లోకమంతా నవ్వింది. సీక్వెల్ అంటే ఇలా ఉండాలి అని అభిమానులు ఇప్పటికీ ఉదాహరణ చూపిస్తారు. అల్లుడి కష్టాలు ప్రేక్షకులకు ఏ దేశంలోనైనా ముద్దే. పెళ్ళి తర్వాత మగవాడికి జీవితం ఉంటుంది, అందులో హాస్యం ఉంటుంది, సందేహాలు ఉంటాయి, అది సినిమా అవుతుంది. సిండరెల్లా పెళ్ళి తర్వాత కోటలో విందు ఏర్పాట్లు తన పద్ధతిలో చేసుకోవాలని చూస్తే (‘సిండరెల్లా 2’, 2002) అది ఎవరికి కావాలి అంటారు. ఆ సినిమా నీరసంగా ఉన్నమాట వాస్తవమే. కానీ కొత్త కోడలికి ఇంటి పద్ధతులు నేర్పడానికి ఒక ముసలి అధికారిణిని నియమించడం, ఆ కోడలు ఊపిరాడక గింజుకోవడం మనలో ఎవరికి తెలియని కథ? మంచి చేతుల్లో పడి ఉంటే అందులో ఎంత ఉందో!

సీక్వెళ్ళలో శిఖరం అని అభిమానులు చెప్పేది ‘టాయ్ స్టోరీ 3’ (2010). పెద్దవాడైన ఆండీ తన బొమ్మల్ని బోనీ అనే చిన్నపిల్లకు ఇచ్చి కాలేజీకి వెళ్తాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అంతకంటే పరిపూర్ణమైన ముగింపు లేదని, ఆ తర్వాత నాలుగో భాగం (2019) తీయడం పాపమని అభిమానుల్లో చాలామంది నమ్మకం. ఆ పరిపూర్ణమైన ముగింపులో బో పీప్ లేదు. మొదటి రెండు భాగాల్లో వుడీకి ప్రియురాలు, పింగాణీ బొమ్మ, ఆండీ చెల్లెలి గదిలో దీపానికి అలంకారంగా నిలబడి ఉండేది. మూడో భాగంలో, ఇంట్లోంచి వెళ్ళిపోయిన బొమ్మల జాబితాలో ఆమె పేరు ఒకసారి వినిపిస్తుంది. వుడీ ఒక్క క్షణం తల దించుకుంటాడు. అంతే. పాత సామాను ఇచ్చేసినట్టు ఇచ్చేశారు. ఆ లోటు పరిపూర్ణతకు అడ్డం రాలేదు!

నాలుగో భాగం ఆ లోటు దగ్గరే మొదలవుతుంది. తొమ్మిదేళ్ళ కిందటి వాన రాత్రి ఆమెను ఎవరికో ఇచ్చేసిన దృశ్యం. ఆ తర్వాత ఆమె మళ్ళీ కనిపించేసరికి ఎవరి బొమ్మా కాదు. చేయి విరిగితే టేపుతో అతికించుకుంటుంది. గొర్రెల్ని వెంటేసుకుని, ఊరూరా తిరుగుతూ, తన దారి తను చూసుకుంటోంది. చివర్లో వుడీ ఆమెతో ఉండిపోతాడు. అభిమానుల అభ్యంతరం విన్నారా? ఒక ఆడదాని కోసం స్నేహితుల్నీ పిల్లనూ వదిలేయడం వుడీ స్వభావం కాదట. ఆమెను వదిలేసి పిల్లవాడి దగ్గర ఉండిపోవడం తొమ్మిదేళ్ళ కిందట అతని స్వభావమే అయింది, ఎవరికీ నొప్పి కలగలేదు. వుడీ చేసింది సరైనదా కాదా అని వాదించుకోవచ్చు, అది మంచి వాదనే. కానీ ‘ముగింపు చెడిపోయింది’ అనేవాళ్ళు ఆ ముగింపు ఎవర్ని బయటికి పంపి కట్టిందో ఒకసారి చూడాలి.

‘లెక్కలోకి రాదు’ అన్న మాట దగ్గరికి వస్తాను. అభిమానులు దీనికి ‘క్యానన్’ అనే మాట వాడతారు. క్రైస్తవ మతగ్రంథాల్లో ఏవి ప్రామాణికం, ఏవి కావు అని తేల్చే మాట అది. మనకూ ఆ మాట ఉంది: ప్రక్షిప్తం. మన దగ్గర ప్రక్షిప్తం అని అందరికంటే ఎక్కువగా అనిపించుకున్నది ఏది? ఉత్తరకాండ. అది తర్వాత చేర్చినది అని పండితులు చెప్పే భాషాపరమైన ఆధారాలతో నాకు పేచీ లేదు. ఇళ్ళలో పారాయణ పట్టాభిషేకంతో ఆపేయడానికి కారణం మాత్రం భాషాశాస్త్రం కాదు. ఆ తర్వాత చదివితే గర్భిణి అయిన సీత అడవిలో కనిపిస్తుంది. పట్టాభిషేకం బొమ్మలో ఉన్న సీత చాలు. బొమ్మ బయటికి నడిచిన సీత మంగళం కాదు.

అయినా తెలుగులో ఉత్తరకాండ ఆగలేదు. తిక్కన రాశాడు, కంకంటి పాపరాజు రాశాడు. 1934లో ఒకసారి, 1963లో మరోసారి ‘లవకుశ’ సినిమా అయింది. అన్నిటికంటే ముఖ్యం, ఆడవాళ్ళు పాడుకున్నారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట ఎక్కడ మొదలవుతుంది? అందరూ అయోధ్యకు తిరిగొచ్చాక. పద్నాలుగేళ్ళ తర్వాత గదిలోకి వచ్చిన భర్తను ఆమె గుర్తుపట్టదు, పరాయి మగవాడని భయపడుతుంది, నిలదీస్తుంది. వనవాసం చేసినవాళ్ళ కథ కంచికి వెళ్ళాక, ఇంట్లో ఉండిపోయిన ఆడదాని కథ మొదలైంది. సీత చేత రావణుడి బొమ్మ గీయించిన శూర్పణఖ పాట కూడా అలాంటిదే. ఓల్గా ‘విముక్త’ (2010) కథలు నిలబడిన నేల ఇదే. వీటిలో ఏదీ ‘అసలు’ కాదు. అన్నీ సీక్వెళ్ళే. అసలు కథ తమకు మిగల్చని చోటును స్త్రీలు కొనసాగింపులో వెతుక్కున్నారు.

అభిమానుల్లోనూ ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు. ఏరియల్ కూతురు పెరిగి ఏమైంది, మూలాన్ పెళ్ళి మానేస్తే ఏమయ్యేది అని సొంతంగా కథలు రాసుకునే అభిమానుల్లో అమ్మాయిలే ఎక్కువ. వాళ్ళ కథల్ని ‘అసలు’ను కాపాడే అభిమానులు ఎప్పుడూ చులకనగానే చూస్తారు. నా కోపం అభిమానులందరి మీదా కాదు, గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడిన వాళ్ళ మీద.

ఈ సీక్వెళ్ళను తీసిందెవరు అన్న ప్రశ్న ఇంతవరకూ ఎవరూ సరిగ్గా అడగలేదనిపిస్తుంది. డిస్నీ ప్రధాన స్టూడియో పూర్తినిడివి యానిమేషన్ సినిమాకు మొదటిసారి ఒక స్త్రీకి దర్శకత్వపు పేరు దక్కింది 2013లో, ‘ఫ్రోజెన్’కు జెన్నిఫర్ లీకి, అదీ క్రిస్ బక్‌తో కలిసి. స్నోవైట్ నుంచి లెక్కేస్తే డెబ్భై ఆరేళ్ళు. అంతకు ముందే ‘టిగ్గర్ మూవీ’కి జున్ ఫాల్కెన్‌స్టైన్ (2000), ‘లేడీ అండ్ ద ట్రాంప్ 2’కు జెనీన్ రూసెల్ (2001), ‘మూలాన్ 2’కు లిన్ సదర్లాండ్ (2004), ‘ఏరియల్స్ బిగినింగ్’కు పెగీ హోమ్స్ (2008), కొందరు ఒంటరిగా, కొందరు మగ దర్శకులతో కలిసి పనిచేశారు. వాటిలో ఎక్కువ వీడియో సినిమాలు. డబ్బులేని, పేరులేని, ఎవరూ సమీక్షించని చోట తలుపు కాస్త తెరుచుకుంది. పత్రికల్లో మనకు ఎప్పుడూ ‘వనితాలోకం’ పేజీ, పిల్లల పేజీ దొరికినట్టే! గొప్ప స్టూడియోలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ‘బ్రేవ్’ (2012) కథ బ్రెండా చాప్‌మన్ తన కూతురితో తన సంబంధంలోంచి తీసుకున్నది. 2010లో ఆమెను దర్శకత్వం నుంచి తప్పించి సినిమాను ఒక మగ దర్శకుడికి ఇచ్చారు. తర్వాత ఆ సినిమాకు ఆస్కార్ వస్తే ఇద్దరూ అందుకున్నారు. సొంతంగా, ఒంటరిగా ఒక పెద్ద హాలీవుడ్ స్టూడియో యానిమేషన్ సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ జెన్నిఫర్ యూ నెల్సన్‌కు దొరికింది కూడా ఒక సీక్వెల్లే, ‘కుంగ్ ఫూ పాండా 2’ (2011).

వీడియో సీక్వెళ్ళను ఆపించినవాడు జాన్ లాసెటర్. 2006లో పిక్సార్‌ను డిస్నీ కొన్నాక సృజన బాధ్యతలన్నీ ఆయన చేతికి వచ్చాయి, 2007లో ఆ దుకాణం మూయించాడు. అభిమానులు ఆయన్ని రక్షకుడిగా కీర్తించారు. కళను వ్యాపారం నుంచి కాపాడాడన్నారు. 2017 నవంబరులో, ఇష్టంలేని కౌగిలింతలకూ తన తప్పటడుగులకూ ఉద్యోగులకు లేఖ రాసి క్షమాపణ చెప్పి సెలవు మీద వెళ్ళాడు. 2018 చివరికి సంస్థనే వదిలాడు. ఆ రోజుల్లోనే ‘టాయ్ స్టోరీ 4’ రచన నుంచి తప్పుకున్న రషీదా జోన్స్, ఆమె సహరచయిత, తాము వెళ్ళింది వేధింపుల వల్ల కాదని, పిక్సార్‌లో స్త్రీలకూ నల్లజాతి తదితరులకూ సృజనలో సమాన స్థానం లేకపోవడం వల్ల అని బహిరంగంగా చెప్పారు. నాణ్యత పేరుతో చవక సీక్వెళ్ళను మూసిన ఇంట్లో నాణ్యత ఎవరిదిగా ఉండేదో ఇది చెబుతుంది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడే అభిమాని నాకు ఇంకా కనిపించలేదు.

ఇప్పుడు సీక్వెళ్ళు చవక సరుకు కావు. 2024లో వచ్చిన ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ సుమారు 170 కోట్ల డాలర్లు, ‘మోవానా 2’ 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి. ‘మోవానా 2’ను మొదట టీవీ సిరీస్‌గా అనుకుని తర్వాత సినిమాగా మార్చారు. అంటే వీడియో దుకాణం మళ్ళీ తెరుచుకుంది, ఈసారి పెద్ద గేటుతో. ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ అభిమానులకు బాగా నచ్చింది. పదమూడేళ్ళ రైలీ బుర్రలో ఆందోళన, అసూయ, సిగ్గు అన్నీ రంగురంగుల పాత్రలుగా వచ్చి కూర్చుంటాయి. యవ్వనం వచ్చిందని అలారం మోగుతుంది. చెమట వాసన గురించి జోకు ఉంది. నెలసరి మాట లేదు! మన ఊళ్ళలో ఆ వయసు పిల్లను మూలన కూర్చోబెట్టి ఊరంతా చాటేవాళ్ళం, అక్కడ ఆ మాటే లేకుండా గంటన్నర సినిమా తీశారు. రెండేళ్ళ ముందు, 2022లో, డోమీ షీ తీసిన ‘టర్నింగ్ రెడ్’లో తల్లి శానిటరీ ప్యాడ్లు పట్టుకుని పరుగెత్తుకు వస్తే కొందరు తల్లిదండ్రులు పిల్లల సినిమాలో ఇదేమిటని గోల చేశారు. అది సీక్వెల్ కాదు, కాపాడుకోవాల్సిన వసూళ్ళ చరిత్ర దానికి లేదు. సీక్వెల్ మీద నా అసలు అభ్యంతరం ఇక్కడ. స్త్రీ జీవితాన్ని కొనసాగించే అవకాశం చేతిలో పెట్టుకుని, ఎవరినీ నొప్పించకుండా ఆమెను అక్కడే తిప్పుతుంది. అభిమానులు దాన్ని ‘మొదటి భాగం ఆత్మను నిలబెట్టింది’ అని మెచ్చుకుంటారు.

2016లో ఎల్సాకు రెండో భాగంలో ప్రియురాలిని ఇవ్వాలని అభిమానులు కొందరు ట్విట్టర్‌లో కోరారు. వెంటనే రాజకుమారుడే కావాలని ఎదురు సంతకాల సేకరణ మొదలైంది. 2019లో ‘ఫ్రోజెన్ 2’ వచ్చింది, తెలుగులో కూడా, నిత్యా మీనన్ గొంతుతో. ఎల్సాకు ప్రియురాలూ లేదు, ప్రియుడూ లేడు, రాజ్యం చెల్లెలికి ఇచ్చి అడవికి వెళ్ళిపోయింది. రెండువైపులా కొనుగోలుదారులు పోకుండా కంపెనీ చూసుకుంది. అయినా ఆ గొడవ నాకు నచ్చింది. అక్కడ అభిమానులు ‘ఇంకెందుకు’ అనలేదు. ఆమె తర్వాత ఎలా బతకాలి అన్నదాని మీద కొట్టుకున్నారు.

చివరగా ‘సిండరెల్లా 3’ (2007). వీడియో సీక్వెళ్ళలో ఇదొక్కటి ఫరవాలేదని అభిమానులే ఒప్పుకుంటారు. మంత్రదండం సవతితల్లి చేతికి చిక్కి కాలం వెనక్కి తిరుగుతుంది, చెప్పు సవతి అక్క అనస్టాషియా కాలికి పడుతుంది. 1950 సినిమాలో ఆమెకున్న పాత్రల్లా పెద్ద పాదాలు, కర్ణకఠోరమైన గొంతు, నవ్వులపాలు కావడం. అందవికారమే ఆమె నేరం. యాభై ఏడేళ్ళ తర్వాత ఆమె సిండరెల్లా ముఖం తొడుక్కుని పెళ్ళిపీఠం దాకా వస్తుంది. అన్నీ చేతికి అందాయి, రాజ్యం, మొగుడు, తల్లి మెప్పు. అక్కడ నిలబడి, ఈ పెళ్ళి నాకొద్దు అంటుంది. తనను తనుగా ప్రేమించేవాళ్ళు కావాలని, ఇంకొకరి ముఖంతో వచ్చిన ప్రేమ తనకు అక్కర్లేదని.

ఈ సినిమా గురించి ఎవరిని కదిపినా రాజకుమారుడు కోట కిటికీలోంచి దూకే సీను చెబుతారు. దూకడం బాగానే ఉంటుంది, నేనూ నవ్వాను. అనస్టాషియా పెళ్ళిపీఠం మీద వద్దన్న సీను ముందుగా చెప్పినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు.